జివెర్నీలో మోనే తోట: ఏ నెలలో వెళ్లాలి, ఎక్కడ దిగాలి

ఫ్రాన్స్‌లోని జివెర్నీ వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఏ పూలు చూడాలనుందో తేల్చుకోవాలి. మిగతా ప్లానంతా దాన్నిబట్టే కుదురుతుంది. చిత్రకారుడు క్లాడ్ మోనే ఇల్లూ తోటా ఏప్రిల్ 1 నుంచి నవంబరు 1 వరకే తెరిచి ఉంటాయి. ఏప్రిల్‌లో ట్యులిప్‌లు, మేలో ఐరిస్‌లు, మే ఆఖరు నుంచి జూన్ దాకా గులాబీలు, జూలై ఆగస్టుల్లో కలువలు, సెప్టెంబరులో డేలియాలు. పిల్లల వేసవి సెలవులని మే నెలలో వెళ్తే చెరువు మీది జపనీస్ వంతెనకు విస్టీరియా గుత్తులు వేలాడుతూ కనిపిస్తాయి గానీ, కలువలు ఇంకా పెద్దగా విచ్చుకోవు. మోనే గీసిన బొమ్మల్లో చూసిన ఆ కలువల కోసమే వెళ్లేవాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలి.

పారిస్‌లోని సెయింట్ లజార్ స్టేషన్‌లో రువాన్ వైపు వెళ్లే రైలెక్కితే సుమారు గంటలో వెర్నాన్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి జివెర్నీ 5 కిలోమీటర్లు. సీజన్‌లో షటిల్ బస్సు ఉంటుంది. రైలు దిగినవాళ్లంతా దాని మీదే పడతారు కాబట్టి తోట గేటు దగ్గరికి కూడా అంతా ఒక్కసారే చేరతారు. మోకాళ్లు సహకరించేవాళ్లు సైకిల్ అద్దెకు తీసుకోండి. పాత రైలు కట్ట మీద వేసిన దారి చదునుగా, హాయిగా ఉంటుంది. పారిస్ నుంచి సగం రోజు టూరు బస్సులూ ఉన్నాయి. పెద్దవాళ్లకు ఎక్కి దిగే శ్రమ తగ్గుతుందన్న మాట నిజమే. కానీ జనం కిటకిటలాడే వేళకు తీసుకొచ్చి, చెరువు దగ్గర కాసేపు నిలబడకముందే టైమైందని పిలుస్తారు. ఆ తోటను అలా చూడటం నాకు మనసొప్పదు.

అందుకే ముందు రోజు రాత్రికే చేరుకోమంటాను. జివెర్నీలోనే ఇళ్లలో గదులు అద్దెకిస్తారు. టూరు బస్సులు వెళ్లిపోయాక ఆ ఊరి వీధి ఎంతో ప్రశాంతంగా ఉంటుంది. అయితే గదులు తక్కువ, చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. సాయంత్రం దాటితే తినడానికి దొరికేదీ తక్కువే. అమ్మానాన్నలతో వెళ్లాం కనుక మేం వెర్నాన్‌లో దిగాం. సేన్ నది దగ్గరే ఉంది, సూపర్ మార్కెట్ ఉంది, స్టేషన్‌కు నడిచి వెళ్లొచ్చు. గది శుభ్రంగా ఉంది. కానీ లిఫ్ట్ లేని సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. రెండో అంతస్తుకు ఇరుకు మెట్ల మీద నాన్న ఆగి ఆగి ఎక్కారు. పెద్దవాళ్లు వెంట ఉంటే లిఫ్ట్ ఉందా, కింద గది దొరుకుతుందా అని మెసేజ్ పెట్టి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. సాయంత్రం నది మీద, విరిగిపోయిన పాత వంతెన మొండి స్తంభాల మీద నిలబడ్డ మిల్లు ఇంటిని చూడటం మాత్రం మరచిపోకండి.

శాకాహారులకు తిండి కొంచెం కష్టమే. వెన్న, మీగడ, చీజ్ దండిగా దొరికే ప్రాంతం కాబట్టి ఆకలితో ఉండరు గానీ, గుడ్డు వద్దంటే రెండుసార్లు చెప్పాలి. మేం పారిస్‌లో లా షపెల్ దగ్గరి తమిళుల దుకాణాల్లో సరుకులు కొని పులిహోర కలిపి పట్టుకెళ్లాం. తోటలో కూర్చుని తిననివ్వరు, బయటికొచ్చాకే.

టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకుని ఉదయం 9:30కి గేటు తీసే వేళకు అక్కడుండండి. లోపలికి వెళ్లగానే అందరూ ఇంట్లోకి దూరతారు. మీరు నేరుగా చెరువు దగ్గరికి వెళ్లండి. రోడ్డు కింది దారిలో దిగి అవతలికి ఎక్కాలి, మెట్లున్నాయి. మేం వెళ్లేసరికి తోటమాలి ఒకాయన పల్చటి పడవలో నిలబడి, పొడవాటి కర్రకు కట్టిన వలతో నీటి మీది ఆకులు ఒక్కొక్కటే తీస్తున్నాడు. కలువాకులకు అడ్డొచ్చిన విల్లో ఆకును కూడా వదల్లేదు. మోనే కాలంలోనూ ఈ చెరువును శుభ్రం చేయడానికే ఒక మనిషి ఉండేవాడు. పక్క రోడ్డు దుమ్ము కలువల మీద పడుతోందని ఆ రోడ్డుకు తారు వేయించడానికి ఆయన సొంత డబ్బు ఇచ్చాడు.

ఆ శ్రద్ధ చూస్తే ఈ తోట విలువ తెలుస్తుంది. 1883లో మోనే ఇక్కడ అద్దెకు దిగాడు, 1890లో ఇల్లు కొన్నాడు, 1893లో రైలు కట్టకు అవతలి నేల కొని, ఏటి పాయ నుంచి నీళ్లు మళ్లించి చెరువు తవ్వించాడు. చెరువులో వేసే కొత్త మొక్కలతో నీళ్లు పాడవుతాయని ఊళ్లోవాళ్లు అడ్డుపడ్డారు. 1926లో చనిపోయేదాకా ఆయన ఇక్కడే ఉన్నాడు. తర్వాత అంతా పాడుబడింది. పెద్ద స్టూడియోలో చెట్లు మొలిచాయి, ఇంట్లో దూలాలు కుళ్లిపోయాయి. 1977లో వెర్సాయ్ రాజభవన సంరక్షకుడు గెరాల్డ్ వాన్ డెర్ కెంప్ బాధ్యత తీసుకుని, దాతల సాయంతో బాగుచేయించి 1980లో జనానికి తెరిచాడు. మనం ఈనాడు చూస్తున్నది ఆ పునరుద్ధరణ ఫలితమే. దాన్ని రోజూ కాపాడుతున్న తోటమాలులకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఇంట్లో మోనే గీసిన అసలు చిత్రాలు లేవు, గోడలకు ఉన్నవి నకళ్లు. ఆయన సేకరించిన జపాన్ చెక్కముద్రణ బొమ్మలను మాత్రం తీరిగ్గా చూడండి. భోజనాల గది గోడలు, బీరువాలు, కుర్చీలు అన్నీ పసుపే. పక్కనే వంటింట్లో నీలం పలకలు, వరసగా వేలాడే రాగి గిన్నెలు. అమ్మ ఆ వంటింటి గుమ్మం దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. సెప్టెంబరు కావడంతో ఇంటి ముందు నడి దారిని నాస్టర్షియం తీగలు రెండువైపుల నుంచీ కమ్మేశాయి, మధ్యలో అడుగు వెడల్పు కూడా మిగల్లేదు.

అదే వీధి చివర సెయింట్ రాదెగోండ్ చర్చి ఆవరణలో మోనే సమాధి ఉంది. దారిలో ఇంప్రెషనిజం (మోనే అనుసరించిన చిత్రకళా శైలి) మ్యూజియం కూడా వస్తుంది, ఓపిక ఉంటేనే వెళ్లండి.

అసలు చిత్రాల కోసం మర్నాడు పారిస్‌లో ఆరాంజెరీ మ్యూజియానికి వెళ్లండి. రెండు అండాకారపు గదుల్లో గోడల నిండా కలువల చిత్రాలు, మొత్తం 8. మోనే పోయిన మరుసటి ఏడాది, 1927లో వీటిని ప్రజలకు తెరిచారు. తోట చూసి వచ్చాక చూస్తే నీడ ఎక్కడ పడుతుందో, విల్లో కొమ్మ ఎక్కడ వంగుతుందో గుర్తుపట్టగలం, అందుకే ఈ వరసలోనే పెట్టుకోమంటాను. మంగళవారం ఆరాంజెరీకి సెలవు. కాబట్టి జివెర్నీని సోమవారానికి పెట్టుకోకండి.