ఇంట్లో బర్త్‌డే పార్టీకి ఏది మేలు: కార్టూన్ కిట్టా, సముద్రమా, పాతకాలం ఆటలా?

పిల్లల పుట్టినరోజు ఇంట్లోనే చేద్దామనుకోగానే విశాఖలో ఏ ఇంట్లో అయినా మొదట వచ్చే ప్రశ్న "థీమ్ ఏంటి?", రెండోది "డెకరేషన్ ఎవరికిద్దాం?". ఆటల సంగతి మాత్రం కేక్ కోసేశాక, పదిహేను మంది పిల్లలు సోఫాలెక్కి గెంతుతుంటే అప్పుడు గుర్తొస్తుంది. నేనైతే ఈ వరస తిరగేస్తాను. ముందు ఆటలు, వాటిని బట్టి థీమ్, డెకరేషన్ అన్నిటికన్నా చివర. ఎందుకంటే గోడకి కట్టిన బ్యాక్‌డ్రాప్‌ని పిల్లలు చూసేది లోపలికొచ్చిన మొదటి ఐదు నిమిషాలే, మిగతా రెండు గంటలూ వాళ్ళకి ఏదో ఒక పని కావాలి.

ఇక్కడ ఇల్లంటే ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ అనుకోండి. ఒక హాలు, ఓ చిన్న బాల్కనీ, కింది ఫ్లాట్‌లో మధ్యాహ్నం నిద్రపోయే పెద్దాయన. బీచ్ రోడ్డులో లాన్ ఉన్న ఇల్లు మీకుంటే ఇది చదవక్కర్లేదు, ఏం చేసినా బాగానే ఉంటుంది.

రెడీమేడ్ కార్టూన్ కిట్

డైనోసార్, యునికార్న్, జంగిల్, అంతరిక్షం, ఏదైనా సరే ఒకే డబ్బాలో వచ్చేస్తుంది: బ్యానరు, ఫాయిల్ అక్షరాలు, ఓ యాభై బెలూన్లు, వాటిని గుచ్చే ప్లాస్టిక్ పట్టీ, గ్లూ చుక్కలు. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఇంటికొస్తుంది, లేదా జగదాంబ, ద్వారకానగర్ వైపు వెళితే దొరుకుతుంది. ఇద్దరు మనుషులు, ఒక పంపు ఉంటే పూట పని కూడా కాదు. ఫోటోలు నిజంగానే బాగా వస్తాయి, అందులో అనుమానం లేదు.

తిప్పలు ఎక్కడంటే, మన గాలితో. సముద్రపు తేమకి గోడ మీద అంటించినవి నిలబడవు, సాయంత్రానికి 'హ్యాపీ బర్త్‌డే'లో రెండు అక్షరాలు జారి కింద పడి ఉంటాయి. గట్టిగా ఉండాలని డబుల్ సైడ్ టేప్ వేస్తే మర్నాడు తీసేటప్పుడు పెయింట్ పెచ్చులతో సహా వస్తుంది, అద్దె ఇల్లయితే ఓనర్‌కి ఏం చెప్తారో మీ ఇష్టం. కర్టెన్ రాడ్ నుంచి రాడ్‌కి నైలాన్ తాడు కట్టి దానికే అన్నీ వేలాడదీయడం మేలు. క్రేప్ కాగితం అయితే తడిగాలికి వాలిపోవడమే కాదు, రంగు కూడా దిగుతుంది, తెల్ల గోడ పక్కన పెట్టకండి. బెలూన్లు ముందు రోజు రాత్రే ఊదేసి పెట్టుకుంటే ఎండ తగిలే బాల్కనీలో మాత్రం ఉంచొద్దు, రబ్బరు మెరుపు పోయి మబ్బు పట్టినట్టు అయిపోతుంది.

ఇంకో సంగతి. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ జాబితాలో డెకరేషన్‌కి వాడే థర్మకోల్, బెలూన్లకి పెట్టే ప్లాస్టిక్ పుల్లలు కూడా ఉన్నాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు సరేసరి. పేరు చెక్కిన థర్మకోల్ బోర్డు చేసిస్తామని ఎవరైనా అంటే వద్దనండి, అట్ట మీద చేయించుకున్నా అంతే బాగుంటుంది.

కిట్‌లో అసలు లోటు ఆటలే. డైనోసార్ థీమ్ అంటారు గానీ డైనోసార్‌తో ఆడే ఆట ఒక్కటీ డబ్బాలో ఉండదు. చివరికి మళ్ళీ మ్యూజికల్ చైర్సే. పది మంది పిల్లల్లో తొమ్మిది మందిని ఒక్కొక్కరిగా ఔట్ చేసి మూల కూర్చోబెట్టే ఆటని పార్టీల్లో ఎవరు పెట్టారో తెలీదు! ఔటైన మొదటి పిల్ల ఏడుపుతోనే సగం పార్టీ అయిపోతుంది.

మరి కిట్ ఎవరికి? మూడేళ్ళ లోపు పిల్లలకి. వాళ్ళకి ఆటలు అక్కర్లేదు, ఆ పార్టీ చుట్టాల కోసం, ఫోటోల కోసం. ఒకటే జాగ్రత్త, పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయాలి, చిన్న పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డుపడతాయి. లోపల లైటు వెలిగే బెలూన్లలో ఉండే బిళ్ళ బ్యాటరీలు ఇంకా ప్రమాదం, మింగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

సముద్రం

నా ఓటు ఐదు నుంచి పదేళ్ళ పిల్లలకి దీనికే. మన ఊళ్ళో ఉండి కూడా సముద్రం థీమ్ అనగానే తోకున్న జలకన్యల కిట్ కొంటారు ఎందుకో. అది మళ్ళీ మొదటి పద్ధతే, రంగు నీలం అంతే. నేను చెప్పేది విశాఖ సముద్రం. పిల్లలు రోజూ చూసేది, ఆడుకోవడానికి సరుకంతా అందులోనే ఉన్నది.

కురుసుర జలాంతర్గామినే తీసుకోండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. లోపలికి వెళ్ళొచ్చిన పిల్లలకి గుర్తుండేది 91 మీటర్ల పొడవు కాదు, గది నుంచి గదికి పోవాలంటే వంగి, కాలెత్తి గుండ్రటి తలుపులోంచి దూరడం. అదే ఇంట్లో పెట్టండి. నాలుగు డైనింగ్ కుర్చీలు వరసగా వేసి పైన దుప్పటి కప్పితే సొరంగం రెడీ, టీవీ వచ్చిన అట్టపెట్టెకి గుండ్రటి కన్నం కోస్తే తలుపు. అటు చివర పెరిస్కోపు. పొడుగాటి అట్ట గొట్టంలో రెండు చిన్న అద్దాలు, పైదీ కిందదీ 45 డిగ్రీల వాలులో ఒకదానికొకటి ఎదురుగా పెడితే సోఫా వెనక దాక్కుని కూడా వంటింట్లో కేక్ ఎవరు తింటున్నారో కనిపిస్తుంది. ఆరేడేళ్ళ పిల్లలు ఈ ఒక్కదాంతో అరగంట గడిపేస్తారు, అద్దాల అంచులకి మాత్రం టేపు చుట్టండి.

రెండోది చేపల వేట. చార్టు మీద చేపలు గీసి కత్తిరించి ఒక్కోదాని మూతికి జెమ్ క్లిప్ పెట్టాలి, పుల్లకి దారం కట్టి చివర అయస్కాంతం. ఇక్కడ చేపలకి మన పేర్లు రాయండి: వంజరం, చందువ, కానాగంత, నెత్తళ్ళు. వంజరానికి పది మార్కులు, చందువకి ఎనిమిది, నెత్తళ్ళకి ఒకటి. ఈ మార్కుల దగ్గర తాతలు కలగజేసుకోకుండా ఉండలేరు, "నెత్తళ్ళకి ఒకటేంట్రా, వేపుడు చేస్తే దాని ముందు ఏదైనా దిగదుడుపే" అని పక్కింటాయన కూడా వచ్చి కూర్చుంటారు. పార్టీకి కావలసింది అదే కదా.

మూడోది నాకు బాగా ఇష్టం, తాబేలు పిల్లల ఆట. ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, అటవీ శాఖ వాళ్ళు వాటిని హ్యాచరీల్లో కాపాడి పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. బయటికొచ్చిన పిల్ల వెలుతురు ఎక్కువున్న వైపు పాకుతుంది. చీకట్లో అది సముద్రం వైపే, కానీ రోడ్డు లైట్లుంటే తికమకపడి అటు పోతుంది. హాల్లో లైట్లార్పి కర్టెన్లు మూసి, బాల్కనీ గుమ్మం దగ్గర నీలం దుప్పటి పరిచి దాని వెనక ఒకరు సన్నటి టార్చి పట్టుకోవాలి, అదే సముద్రం. ఇంకో ఇద్దరు వేరే మూలల్లో ఫోన్ లైట్లు వేస్తూ ఆర్పుతూ ఉంటారు. తాబేలు పిల్లలు కళ్ళు సగం మూసుకుని మోకాళ్ళ మీద పాకాలి. ఒక్కరు పీత, వాళ్ళు ముట్టుకుంటే మళ్ళీ గూటి దగ్గర నుంచి మొదలు. ఇందులో ఎవరూ ఔట్ కారు, పరుగులు లేవు కాబట్టి కింది ఫ్లాట్ పెద్దాయన నిద్ర కూడా చెడదు.

డెకరేషన్‌కి నీలం, తెలుపు పాత చీరలు రెండు, కాగితం పడవలు, దొరికితే ఎవరింట్లోనైనా పాత వల ముక్క. ఫిషింగ్ హార్బర్ నుంచి వల తెస్తే ముందు ఉతికి రెండు రోజులు ఎండబెట్టండి, లేకపోతే పార్టీ అంతా వాసనే. ఇసుక మాత్రం ఇంట్లోకి తేకండి. ఎంత అందంగా ఉన్నా సరే, అది బాత్రూమ్ గొట్టాల్లోకి వెళ్ళిందంటే ప్లంబర్‌కి పండగ.

ఈ పద్ధతిలో కష్టం, చెప్పాలిగా, తయారీ. గీయడం, కత్తిరించడం, అతికించడం, వారం ముందు నుంచి సాయంత్రాలు పోతాయి. పిల్లల చేత చేయిస్తే సరదానే గానీ ఆఫీసు నుంచి రాత్రి ఎనిమిదింటికి వచ్చేవాళ్ళకి టెన్షనే. అలాంటప్పుడు మూడూ పెట్టుకోకుండా వేట ఒక్కటి, తాబేళ్ళు ఒక్కటి చాలు.

పాతకాలం ఆటలు

దీన్ని చాలామంది 'విలేజ్ థీమ్' అంటున్నారు, అందులో సగం ఎడ్లబండి కటౌటు, పట్టులంగా, పంచెకట్టు. మే నెల ఉక్కపోతలో ఏడేళ్ళ వాడికి రెండు గంటలు పంచె కట్టించి ఆడుకోమనడం ఏం న్యాయమో నాకర్థం కాదు. బట్టలు వదిలేసి ఆటలు తీసుకుంటే మాత్రం ఇది గట్టి పద్ధతి, ముఖ్యంగా అమ్మమ్మలు, మావయ్యలు, పెద్ద కజిన్లు అందరూ వచ్చే ఇంటికి.

హాల్లో నాలుగు మూలలు, నాలుగు ఆటలు. ఒక మూల అష్టాచెమ్మా, సుద్దముక్కతో ఐదైదు గళ్ళు గీసి నాలుగు గవ్వలు పెడితే నలుగురికి సరిపోతుంది. ఇంకో మూల వామనగుంటలు, ఏడేసి గుంటల వరసలు రెండు, చింతపిక్కలు. చెక్క పలక లేకపోతే గుడ్లు వచ్చే అట్ట ట్రేలు కత్తిరించినా చాలు. మూడో మూల పులిజూదం, మూడు పులులు, పదిహేను మేకలు. చెస్ ఆడే పిల్లలు దీన్ని ఇట్టే పట్టేస్తారు, తర్వాత లేవరు. నాలుగో మూల బొంగరాలు. ఇనప ములుకున్నవి టైల్స్ మీద వద్దు, గీతలు పడతాయి. వేళ్ళతో తిప్పే ఏటికొప్పాక బొంగరాలు తెచ్చుకోండి, అంకుడు కర్రతో చేసి లక్క పూసినవి. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వాటికి. అనకాపల్లి వైపు వెళ్ళే పనుంటే ఊళ్ళోకే వెళ్ళి కొనుక్కోవచ్చు, లేదంటే లేపాక్షి షోరూమ్‌లో చూడండి. రిటర్న్ గిఫ్టులు కూడా అవే ఇచ్చేస్తే ఆ ఖర్చు కలిసొస్తుంది.

మేడ మీద టెర్రస్ వాడుకోనిస్తే ఏడుపెంకులాట పెట్టొచ్చు, పిట్టగోడ ఎత్తు చూసుకుని. అసోసియేషన్‌కి ముందే చెప్పండి. సాయంత్రం సముద్రం గాలికి అక్కడ బ్యాక్‌డ్రాప్ కడితే తెరచాప అయిపోతుంది కాబట్టి డెకరేషన్ కిందే ఉంచుకోవాలి. ఆ డెకరేషన్ కూడా తక్కువే: పూర్ణా మార్కెట్‌లో బంతిపూలు, మామిడాకులు, గుమ్మంలో ముగ్గు. శ్రావణంలోనో దసరాకో పుట్టినరోజు పడితే పూల ధర మండిపోతుంది, అప్పుడు మామిడాకులతో సరిపెట్టండి, ఎవరూ అడగరు.

ఇబ్బంది ఏంటంటే ఇప్పటి పిల్లలకి ఈ ఆటల రూల్స్ తెలీవు. మొదటి పావుగంట "ఇది బోర్" అనే మాట వినిపిస్తుంది, తప్పదు. ప్రతి మూలకీ ఆట వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు కూర్చుంటేనే నడుస్తుంది. అలాంటివాళ్ళు ఇంట్లో ఇద్దరే ఉంటే రెండు మూలలే పెట్టండి. నాలుగేళ్ళ లోపు పిల్లలు తిరుగుతుంటే గవ్వలు, చింతపిక్కలు నేల మీద వదలొద్దు.

ఖర్చు, తిండి, ఇంకొన్ని

డబ్బు పరంగా చూస్తే పాత ఆటలే చవక, సముద్రం దాని తర్వాత, కిట్‌కి మనిషిని పెట్టి ఆర్చ్ కట్టిస్తే అన్నిటికన్నా ఎక్కువ. శ్రమ పరంగా ఈ వరస మారిపోతుంది, కిట్ తేలిక, సముద్రం కష్టం. డబ్బు ఉండి టైమ్ లేనివాళ్ళు కిట్ కొనుక్కుని అందులో చేపల వేట ఒక్కటి కలిపేసినా నేనేమీ అనను, అంతరిక్షం థీమ్ అయితే చేపల బదులు గ్రహాలు గీస్తే సరి.

తిండికి థీమ్ అతికించకండి. నీలం రంగు పులిహోర ఎవరూ తినరు. పునుగులు, ముంత మసాలా, కేక్ పెడితే పిల్లలూ పెద్దలూ అందరూ కడుపునిండా తింటారు.

ఏ థీమ్ అయినా రెండు వస్తువులు గుమ్మం దాటి రానివ్వొద్దు. కొవ్వొత్తులు వెలుగుతుండగా కొట్టే నురగ స్ప్రే ఒకటి, అది భగ్గున అంటుకుంటుంది. హైడ్రోజన్ నింపిన గ్యాస్ బెలూన్లు రెండోది, పైకి తేలాలంటే హీలియమే అడగండి, ఖర్చు ఎక్కువంటే మామూలు బెలూన్లు పైకప్పు నుంచి దారానికి వేలాడదీయండి.

ఇక పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి ఈ మూడూ పనికిరావు. థీమ్ అన్న మాటే వాళ్ళకి సిగ్గు. వాళ్ళకి తంబోలా టికెట్లు, ఫ్యాను, వైఫై ఇచ్చి మీరు బెడ్‌రూమ్‌లోకి వెళ్ళిపోండి. ఆహ్వానంలో మాత్రం ఏ వయసు వాళ్ళకైనా మొదలయ్యే టైముతో పాటు ముగిసే టైము కూడా రాయండి, నాలుగున్నర నుంచి ఆరున్నర అని. లేదంటే గాజువాక నుంచి వచ్చిన చుట్టాలు ట్రాఫిక్ తగ్గాక బయల్దేరతామని తొమ్మిదిదాకా కూర్చుంటారు, అప్పుడు ఆటలతో పాటు రాత్రి భోజనం కూడా మీరే చూసుకోవాలి.