పర్లాకిమిడి పిండి మిల్లు: నైసుకు వెళ్లండి, కారానికి వద్దు

మా వీధి చివరి పిండి మిల్లుకి ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఆ ఒక్కటీ కారం వల్ల తగ్గింది, అది తర్వాత చెబుతాను.

డబ్బా దించగానే మిల్లాయన అడిగే మొదటి మాట, "నైసా, బరకా, టీచరమ్మా?" చోళ్లయితే నైసే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి రాసి చూస్తాడు. పలుకు తగిలిందా, రాళ్లు బిగించి మళ్లీ పోస్తాడు, రెండోసారికి డబ్బులు అడగడు. అంబలికి నేను జల్లెడ తీసి చాలా కాలమైంది. మా ఆయన రొట్టెలకు గోధుమపిండి కాస్త బరకగా ఉండాలన్నదీ అతనికి గుర్తే.

నేను స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి ఆ 'నైసు' చెవిన పడితే ఊరుకోలేను. లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. 'నె' అంటే కాదు, 'స్కీరె' అంటే తెలియడం. సైన్స్ కూడా ఈ స్కీరె నుంచి వచ్చిందే. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరిన కొత్తలో, అంటే సుమారు 1300 నాటికి, ఎవరినైనా నైస్ అంటే తెలివితక్కువ దద్దమ్మ అన్నట్టే. తర్వాత అన్నిటికీ వంకలు పెట్టే నాజూకు మనుషులకు ఆ మాట అంటుకుంది, అక్కణ్ణుంచి సన్నని తేడాలకు పాకింది. 'బాగుంది' అన్న అర్థం 18వ శతాబ్దంలో గానీ కుదురుకోలేదు. ఇప్పుడు మా పిల్లలకు అమ్మ నైస్, ఆవు నైస్, పూరీ గుడీ నైసే, ఎర్రసిరాతో కొట్టేస్తుంటాను. మిల్లాయన నైసుకైతే కొలత ఉంది. ఇంగ్లీషువాళ్లు 'నైస్ డిస్టింక్షన్' అనేటప్పటి సన్నదనానికి ఇదే దగ్గర. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో వాడుక మాటకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు లెండి.

ఇక కారం. మిరపకాయలకీ గోధుమలకీ ఒకటే మిషను. ఓసారి నాకు ముందు ఎవరో కారం పట్టించుకుని వెళ్లారు. ఆ రాత్రి రొట్టెలు తిన్న మా పిల్లలు బిందెడు నీళ్లు ఖాళీ చేశారు. మర్నాడు అడిగితే, "తౌడు పోసి ఆడించాకే మీ గోధుమలు వేశానమ్మా, మీ పిండంటే నాకు భయం కదా" అంటూ నన్నే నైస్ చేయబోయాడు. ఈ నైసు మాత్రం అచ్చంగా మనది, ఏ ఇంగ్లీషు డిక్షనరీలోనూ దొరకదు.

కాబట్టి మిల్లు తెరిచిన వెంటనే వెళ్లండి, మొదటి వాయి మీదే అవుతుంది. కారం ఇంకెక్కడైనా పట్టించుకోండి. సంక్రాంతి ముందైతే డబ్బా వరసలో పెట్టేసి కూరగాయలు కొనుక్కుని రావచ్చు, అప్పటికి కూడా మీ వంతు రాదు.