ఆయుధాలకు కళ్లెం: మూడు ఒప్పందాల్లో ఏది మేలు?

అణుబాంబు, విషవాయువు, రోగక్రిమి. ఈ మూడింటినీ కలిపి సామూహిక జనహనన ఆయుధాలు అంటున్నాం గానీ, వీటిని అదుపు చేయడానికి ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందాలు మూడు వేర్వేరు కాలాల్లో, మూడు వేర్వేరు బుద్ధులతో పుట్టాయి. సివిల్స్‌కో గ్రూప్-1కో చదివేవాళ్లు మూడింటి తేదీలూ ఒకే కాగితం మీద రాసుకుని బట్టీ పడతారు. దానివల్ల మార్కులు రావచ్చు గానీ విధానం అర్థం కాదు. పక్కపక్కన పెట్టి రెండు ప్రశ్నలు అడిగితే అర్థమవుతుంది. రూలు అందరికీ ఒకటేనా? మాట తప్పినవాణ్ని పట్టుకునే ఏర్పాటు ఉందా?

ముందు జీవాయుధాల నిషేధ ఒప్పందం. 1972 ఏప్రిల్ 10న సంతకాలకు పెట్టారు, 1975 మార్చి 26న అమల్లోకి వచ్చింది. ఒక ఆయుధ జాతిని మొత్తంగా నిషేధించిన మొదటి ఒప్పందం ఇదే. అంతకుముందున్న 1925 జెనీవా ప్రోటోకాల్ వాడొద్దంది తప్ప దాచుకోవద్దనలేదు. 1972 నాటిది తయారు చేయొద్దు, దాచొద్దు, ఇంకొకరికి ఇవ్వొద్దు అంది. పెద్ద దేశం, చిన్న దేశం అన్న తేడా కూడా లేదు. మొదటి ప్రశ్నకు నూటికి నూరు మార్కులు.

రెండో ప్రశ్నకు సున్నా. ఎంత సున్నానో తెలియాలంటే స్వెర్ద్‌లోవ్‌స్క్ సంగతి కాస్త వివరంగా చూడాలి. 1979 ఏప్రిల్‌లో ఉరల్ పర్వతాల దగ్గరున్న ఆ సోవియట్ నగరంలో జనం ఉన్నట్టుండి ఆంత్రాక్స్‌తో చనిపోసాగారు. 60 మందికి పైగా పోయారు. చెడిపోయిన మాంసం తిన్నారని మాస్కో చెప్పింది. ఆ మాట పైకి మరీ విడ్డూరంగా ఏమీ లేదు. చచ్చిన మేకనో గొడ్డునో కోసుకుని తిన్నవాళ్లకు ఆంత్రాక్స్ సోకిన కేసులు మన విశాఖ మన్యంలోనూ బయటపడ్డాయి. అయితే అలా సోకితే చర్మం మీద పుళ్లో, పేగుల్లో జబ్బో వస్తుంది. స్వెర్ద్‌లోవ్‌స్క్ శవాల్లో దెబ్బతిన్నది ఛాతీ లోపలి భాగం. అంటే క్రిమిని పీల్చారు. శవపరీక్షలు చేసిన డాక్టర్లు ఫైనా అబ్రమోవా, లెవ్ గ్రిన్‌బెర్గ్. కాగితాలన్నీ సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ పట్టుకుపోయినా వాళ్లు కణజాల నమూనాలను గుట్టుగా దాచి ఉంచారు. 1992లో రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్ట్సిన్ నిజం ఒప్పుకున్నాక హార్వర్డ్ శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లింది. 1980లలో సోవియట్ మాట నమ్మదగ్గదేనని చెప్పిన మనిషే ఆయన. చనిపోయినవాళ్లు ఆ రోజుల్లో పగలు ఎక్కడ ఉన్నారో, ఎక్కడ పనిచేశారో ఒక్కొక్కరి వివరం మ్యాపు మీద గుర్తు పెట్టారు. ఎక్కువమంది సైనిక ప్రయోగశాల నుంచి దక్షిణంగా సాగిన ఒక సన్నని పట్టీలో పడ్డారు. ఆ పట్టీలోనే ఒక సిరామిక్ ఫ్యాక్టరీ ఉంది. ఇంకా కిందికి వెళ్తే, అదే వరసలో ఉన్న ఊళ్లలో గొర్రెలు, పశువులు చచ్చాయి. ఆ రోజు గాలి ఉత్తరం నుంచి వీచింది.

ఒప్పందం పత్రాలను భద్రపరిచే బాధ్యత తీసుకున్న మూడు దేశాల్లో సోవియట్ యూనియన్ ఒకటి. కంచే చేను మేసింది. అయినా పదమూడేళ్ల పాటు ఎవరూ ఏమీ చేయలేకపోయారు, ఎందుకంటే వెళ్లి తలుపు తట్టే అధికారం ఎవరికీ లేదు. భద్రతా మండలికి ఫిర్యాదు చేసుకోవచ్చని ఒప్పందంలో ఉంది. అక్కడ సోవియట్‌కు వీటో ఉంది.

తనిఖీలు పెట్టాలని 1990లలో ఏళ్ల తరబడి చర్చలు జరిగాయి. 2001లో అమెరికా ఆ ముసాయిదా తనకొద్దని లేచిపోయింది. తమ బయోటెక్ కంపెనీల రహస్యాలు బయటపడతాయన్నది దాని అభ్యంతరాల్లో ఒకటి. చివరికి జెనీవాలో ముగ్గురు ఉద్యోగులతో ఒక చిన్న విభాగం పెట్టి సరిపెట్టారు. భూమ్మీది రోగాయుధాలన్నిటి మీదా ముగ్గురు! వాళ్లయినా తనిఖీ చేసేవాళ్లు కాదు, సమావేశాలు ఏర్పాటు చేసి కాగితాలు పంచేవాళ్లు.

రెండోది అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం, పేపర్లలో మనం ఎన్‌పీటీ అని చదివేది. 1968లో సంతకాలు, 1970 మార్చి 5 నుంచి అమలు. దీని గుణం సరిగ్గా తలకిందులు. పట్టుకునే ఏర్పాటు ఉంది గానీ రూలు ఒకటి కాదు. 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చినవాళ్లు అణ్వస్త్ర దేశాలు, మిగతావాళ్లు జన్మలో కాకూడదు. అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనాలకు ఉంచుకునే హక్కు, తక్కిన వాళ్లకు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలు. దీనికి బదులుగా ఆ ఐదుగురూ నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరపాలని ఆరో అధికరణం చెబుతుంది. గడువు మాత్రం చెప్పదు. గడువు లేని బాకీ ఎంత త్వరగా తీరుతుందో వేరే చెప్పాలా?

భారత్ సంతకం పెట్టలేదు. 1974 మే 18న పోఖ్రాన్‌లో ఒకసారి, 1998 మేలో మళ్లీ పేల్చింది. మన పాఠ్యపుస్తకాల్లోనూ టీవీ చర్చల్లోనూ ఎన్‌పీటీ అంటే వివక్ష అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ వినపడదు. వివక్ష ఉన్న మాట నిజం. కానీ విధానాన్ని తూచేటప్పుడు ఫలితం కూడా తూకంలో పడాలి. 1970లలో 15 నుంచి 25 దేశాల చేతిలో బాంబు ఉండే రోజు రావచ్చని 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ భయపడ్డారు. ఈనాటికి బాంబున్న దేశాలు తొమ్మిది. దక్షిణాఫ్రికా రహస్యంగా ఆరు బాంబులు తయారు చేసుకుని, వాటిని తానే విప్పేసి, 1991లో ఎన్‌పీటీలో చేరింది. ఆ సంగతి 1993 మార్చిలో అధ్యక్షుడు డిక్లెర్క్ పార్లమెంటులో చెప్పాక, లెక్క సరిగ్గా ఉందో లేదో తేల్చగలిగింది వియన్నా తనిఖీదారులే. జీవాయుధాల ఒప్పందానికి అలాంటి మనుషులే లేరు.

తనిఖీలు కూడా మొదటి నుంచీ గట్టివి కావు. దేశం తాను చూపించిన చోటే చూసి రావాలి. ఇరాక్ ఆ సందులోంచే రహస్య కార్యక్రమం నడిపిందని 1991 యుద్ధం తర్వాత తేలింది. అప్పుడు 1997లో అదనపు ప్రోటోకాల్ తెచ్చి, చూపించని చోటుకూ వెళ్లే వీలు పెంచారు. ఉత్తర కొరియా 2003లో ఒప్పందం నుంచే బయటికి నడిచింది. దానికి మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మూడోది రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం. 1993 జనవరిలో ప్యారిస్‌లో సంతకాలు, 1997 ఏప్రిల్ 29 నుంచి అమలు. మిగతా రెండూ ఎక్కడ తప్పాయో చూసి రాసినట్టుంటుంది ఇది. అమెరికా అయినా అల్బేనియా అయినా ఉన్న నిల్వ చెప్పాలి, గడువులోగా నాశనం చేయాలి, ఈ ఒప్పందం అమలును చూసే హేగ్‌లోని సంస్థ మనుషులు దగ్గర నిలబడి చూడాలి. సైన్యంతో ఆగకుండా ఫ్యాక్టరీల గేటు దాకా వస్తుంది. రసాయనాలను మూడు షెడ్యూళ్లుగా విడదీశారు. ఒకటో దాంట్లో ఆయుధానికి తప్ప పెద్దగా పనికిరానివి. రెండో దాంట్లో థయోడైగ్లైకాల్ లాంటివి, అది బాల్‌పెన్ సిరాలోనూ వాడతారు, ఒంటిని బొబ్బలెక్కించే మస్టర్డ్ వాయువు తయారీకీ వాడొచ్చు. మూడో దాంట్లో పరిశ్రమల్లో టన్నులకొద్దీ తిరిగే ఫాస్జీన్ లాంటివి. ఏ వస్తువు ఎంత మించితే లెక్క చెప్పాలో రాసి పెట్టారు. ఒకటో షెడ్యూలులో రిసిన్ కూడా ఉంది. పాలమూరు, నల్గొండ మెట్ట చేలల్లో పండే ఆముదం గింజల్లో ఉండేదే, నూనె తీశాక మిగిలే పిండిలో ఉండి పశువులను చంపేదే. అలాగని ఆముదం ఆడించే మిల్లు ఆయుధ కర్మాగారం అయిపోదు. ఆ విషాన్ని వేరుచేసి శుద్ధి చేయడం మొదలుపెడితేనే హేగ్‌కు పని పడుతుంది. ఈ మాత్రం వివేకం ఉంది కాబట్టే పరిశ్రమలు దీంతో బతకగలుగుతున్నాయి.

ఈ ఒప్పందం సత్తా ఎంతో తెలియాలంటే మన సొంత కథ చాలు. 1992 ఆగస్టులో భారత్, పాకిస్థాన్ కలిసి ఒక ప్రకటన చేశాయి, రసాయన ఆయుధాలు తయారు చేయం, ఉంచుకోం, వాడం అని. మరుసటి జనవరిలో భారత్ ఈ ఒప్పందం మీద సంతకం చేసింది. రెండూ పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడే జరిగాయి. ఒప్పందం అమల్లోకి వచ్చాక, 1997 జూన్‌లో, లెక్క చెప్పాల్సిన రోజు వచ్చింది. మన దగ్గర 1,044 టన్నుల ఆ మస్టర్డ్ విషం ఉందని భారత్ చెప్పింది. ఐదేళ్ల నాటి ప్రకటన మాటేమిటని పాకిస్థాన్ అడగడంలో తప్పులేదు. ఇక్కడ చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఇరుగుపొరుగు మధ్య నమ్మకంతో రాసుకున్న కాగితం బయటపెట్టించలేని నిజాన్ని, తనిఖీ ఉన్న కాగితం బయటపెట్టించింది. తర్వాత భారత్ మాట నిలబెట్టుకుంది. 2009 మార్చికల్లా మొత్తం నిల్వను నాశనం చేసింది. అమెరికా, రష్యాలు 2012 గడువు దాటేశాయి. రష్యా 2017లో, అమెరికా 2023 జూలైలో ముగించాయి. సభ్య దేశాలు చూపించిన 72,304 టన్నులూ అలా పోయాయి.

మరి లోపాల్లేవా? ఉన్నాయి. 2013 ఆగస్టులో డమాస్కస్ పక్కనున్న ఘూటాలో సారిన్ అనే విషవాయువుతో జనాన్ని చంపిన దారుణం తర్వాత సిరియా ఇందులో చేరి సుమారు 1,300 టన్నులు అప్పగించింది. 2017లో అదే దేశంలోని ఖాన్ షేఖూన్ ఊళ్లో మళ్లీ సారిన్ వాడారు. దాచినదాన్ని పట్టుకోవడానికి ఒప్పందంలో ఒక గట్టి ఆయుధం ఉంది. ఏ సభ్య దేశమైనా ఇంకో దేశం మీద అనుమానంతో అప్పటికప్పుడు తనిఖీ కోరవచ్చు. ఆ హక్కును ఇప్పటిదాకా ఒక్కరూ వాడలేదు. ఈరోజు నేను నీ ఇంటికి మనుషుల్ని పంపితే రేపు నువ్వు నా ఇంటికి పంపుతావన్న జంకు. ఇంకో సంగతి, ఈ ఒప్పందం నెగ్గడానికి సైన్యాలకు ఆ ఆయుధాల మీద మోజు తీరిపోవడం కూడా కారణం. గాలి తిరిగితే మన వాళ్ల మీదే పడుతుంది, మాస్కులు తొడుక్కున్న సైన్యం మీద పెద్దగా పనిచేయదు. అణుబాంబు మీద ఏ సైన్యానికీ అలాంటి విసుగు రాలేదు. కాబట్టి హేగ్ పద్ధతిని యథాతథంగా అణ్వస్త్రాలకు అంటిస్తే సరిపోతుందని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

అణ్వస్త్రాలను అందరికీ సమానంగా నిషేధించే ఒప్పందం కూడా ఒకటి వచ్చింది. 2017 జూలైలో 122 దేశాలు ఓటేశాయి, 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. బాంబున్న దేశం ఒక్కటీ చేరలేదు. మనం చర్చలకే వెళ్లలేదు. 1988లో ఐరాసలో రాజీవ్ గాంధీ 2010 నాటికి అణ్వస్త్రాలు లేని లోకం కావాలని గడువుతో సహా ప్రణాళిక పెట్టిన దేశం మనదేనని గుర్తుంచుకుని చదివితే ఇది కాస్త గుచ్చుకుంటుంది.

నా వరస ఇది: రసాయన ఆయుధాల ఒప్పందం మొదట, ఎన్‌పీటీ రెండు, జీవాయుధాలది మూడు. ఎన్‌పీటీని రెండో చోట పెట్టినందుకు మనవాళ్లు చాలామంది ఒప్పుకోకపోవచ్చు. తనిఖీ లేని సమానత్వం కంటే తనిఖీ ఉన్న అసమానత్వం ఎక్కువ బాంబులను ఆపింది. వివక్ష మీద మన కోపం న్యాయమైనదే గానీ, పక్కవాళ్లకు బాంబు రాకుండా ఆ వివక్షే చూస్తుంటే దాని లాభం మనమూ అనుభవిస్తున్నాం.

భారత ప్రభుత్వం వీటిని ఎలా తూచిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఉపన్యాసాల కంటే చట్టాలు ముందు చదవడం మంచిది. రసాయన ఆయుధాల ఒప్పందం కోసం 2000లో ఒక చట్టం చేశారు. అన్ని రకాల జనహనన ఆయుధాలనూ కలిపి 2005లో ఇంకొకటి చేసి, వాటికి డబ్బు సమకూర్చడాన్ని కూడా నేరం చేస్తూ 2022లో సవరించారు. ఆ తర్వాత 2003 జనవరి 4 నాటి అణు విధాన ప్రకటన చూడాలి. ముందుగా మేం వాడం అన్న వాక్యం అందరికీ కంఠతా వస్తుంది. భారత్ మీద గానీ మన సేనల మీద గానీ జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వస్త్రంతో బదులిచ్చే వీలు ఉంచుకుంటాం అన్న వాక్యం దగ్గర చాలామంది ఆగరు. రెండు నిషేధ ఒప్పందాల్లో సభ్యురాలైన దేశం, ఆ నిషేధాలు పనిచేయని రోజు కోసం వేరే ఏర్పాటు చేసుకుందన్నమాట.

జీవాయుధాల ఒప్పందానికి చట్టబద్ధమైన తనిఖీ వ్యవస్థ కావాలని జెనీవాలో భారత్ ఎప్పటినుంచో అడుగుతోంది. అడగడం సబబే. అది వస్తే మొదట గేట్లు తెరవాల్సిన వాళ్లలో హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకా కంపెనీలు ఉంటాయి. టీకా కోసం క్రిములను పెంచే ఫెర్మెంటర్ అనే పాత్రా, ఆయుధం కోసం పెంచే పాత్రా ఒకటే రకం. 2001లో అమెరికా కంపెనీలు చెప్పిన వ్యాపార రహస్యాల అభ్యంతరం అప్పుడు మన కంపెనీల నోట కూడా వస్తుంది. దానికి ఢిల్లీ ఏం జవాబు చెబుతుందన్నది ఏ ప్రకటనలోనూ ఇంతవరకు నాకు కనబడలేదు.