ఫ్రీ టికెట్ అడగాలా, ఎక్కువ బస్సులు అడగాలా?

హైదరాబాద్ కాలనీ సంఘాలు సిటీ బస్సుల కోసం కదిలేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ఉచిత ప్రయాణం లాభం వెంటనే చేతికందుతుంది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి తెలంగాణ మహిళలు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్‌తో వెళ్తున్నారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు ఆ మిగులు చిన్నదేమీ కాదు. కానీ ఆ సొమ్ము ఆర్టీసీకి ప్రభుత్వమే కట్టాలి. ఆలస్యమైతే రిపేర్లు వెనకబడతాయి. మగవాళ్లకు చార్జీ ఎలాగూ మామూలే.

బస్సులు పెంచడమంటే కొనడంతో అయిపోదు. డ్రైవర్లు, కండక్టర్లు, డిపోలో జాగా, అన్నీ కావాలి. టైమ్ పడుతుంది. అయినా నా ఓటు దీనికే. గంటకో బస్సు వచ్చే శివారులో జీరో టికెట్ ఉన్నా జనం షేర్ ఆటోకే డబ్బులిస్తారు. పైగా "ఫలానా రూట్‌లో, రాత్రి 9 తర్వాత ఇన్ని ట్రిప్పులు" అని రాసిచ్చిన అర్జీని "చూద్దాంలే" అని దాటేయడం కష్టం.