హన్మకొండ, వరంగల్‌లో ఆఫీసుకి నాస్ కొంటున్నారా? స్నాప్‌షాట్ల దగ్గర జాగ్రత్త

మాది హన్మకొండలో ట్యాక్స్ ఆఫీసు. క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, స్టాఫ్ జీతాల షీట్లు ఒకేచోట ఉంటాయని చౌరస్తా దగ్గర ఒక షాపులో జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద నడిచే నాస్ (ఆఫీసు కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్‌లో వాడుకునే స్టోరేజ్ పెట్టె) తీసుకున్నాం. పెట్టడానికి వచ్చినాయన షేర్ (అందరూ నెట్‌వర్క్‌లో తెరిచే ఫోల్డర్) మొత్తానికి అందరికీ ఫుల్ యాక్సెస్ ఇచ్చి, గంటకో స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా దాచే కాపీ) పెట్టి వెళ్లాడు. జీతాల ఫోల్డర్ అందరికీ తెరుచుకుంటోందని చెబితే మళ్లీ వచ్చి దాన్ని లాక్ చేశాడు. "ఇంక ఎవరికీ రాదు సార్" అన్నాడు.

వచ్చింది. మా స్టాఫ్‌లో ఒకమ్మాయి డిలీట్ అయిన ఎక్సెల్ ఫైలు కోసం షేర్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వర్షన్స్ తెరిచింది. పాత తేదీ ఒకటి నొక్కితే అందులో జీతాల ఫోల్డర్ ఉంది, డబుల్ క్లిక్ చేయగానే తెరుచుకుంది. మంచిపిల్ల కాబట్టి తనే వచ్చి చెప్పింది.

స్నాప్‌షాట్ తీసినప్పుడు ఫైలుతో పాటు ఆనాటి పర్మిషన్లు కూడా అలాగే ఉండిపోతాయి. ఇవాళ వేసిన లాక్ నిన్నటి స్నాప్‌షాట్‌కు పడదు. రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా లాగిన్ అయి మార్చబోయినా "రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని తిప్పికొడుతుంది. షాపుకు ఫోన్ చేస్తే "స్నాప్‌షాట్లు హిడెన్‌లో ఉన్నాయి సార్" అని జవాబు. హిడెన్ అంటే లిస్టులో కనపడకపోవడం, అంతే. సర్వర్‌లో లాగిన్ ఉన్నవాళ్లు డాట్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే పాత్ టైప్ చేస్తే నేరుగా లోపలికి పోవచ్చు. దీన్ని సెక్యూరిటీ అని చెప్పి అమ్మడం దారుణం.

2021లో విండోస్ 10లోనూ ఇలాంటిదే బయటపడింది. పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ల నుంచి తయారైన కోడ్‌లు) ఉండే శామ్ ఫైలు షాడో కాపీల (విండోస్ స్నాప్‌షాట్ల) ద్వారా మామూలు యూజర్లకు కూడా అందింది. ప్యాచ్ వేసినా సరిపోదు, పాత షాడో కాపీలను మీరే తీసేయాలని మైక్రోసాఫ్ట్ చెప్పాల్సి వచ్చింది.

మేమూ అదే చేశాం. ముందు వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకుని, లాక్ వేయకముందు తీసిన స్నాప్‌షాట్లన్నీ డిస్ట్రాయ్ చేయించాం. జీతాలకు వేరే డేటాసెట్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్లు విడిగా ఉండే భాగం), వేరే షేర్ పెట్టించాం. ఒకే డేటాసెట్‌లో లోపలి ఫోల్డర్‌ను లాక్ చేస్తే స్నాప్‌షాట్ దారి తెరిచే ఉంటుంది. డేటాసెట్‌లో అన్నిటికంటే పైనున్న ఫోల్డర్‌నే మూసేస్తే దాని స్నాప్‌షాట్లలోకి కూడా దారి ఉండదు. ఇంకోటి, స్నాప్‌షాట్ తీసే అధికారం, డిలీట్ చేసే అధికారం వేర్వేరుగా ఇవ్వొచ్చు. మాకు మాత్రం రెండూ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్‌తో, అదీ రోజూ మెయిల్స్ చూసే కంప్యూటర్‌లో సేవ్ చేసి పెట్టారు. ఆ కంప్యూటర్‌లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే స్నాప్‌షాట్లు కూడా పోయేవే.

మీరు కొంటుంటే బ్యాలెన్స్ డబ్బులు ఇచ్చేముందే మామూలు స్టాఫ్ లాగిన్‌తో, మీ కళ్లముందు, లాక్ చేసిన ఫోల్డర్ పాత వర్షన్ తెరుచుకుంటుందో లేదో నొక్కి చూపించమనండి. తెరుచుకుంటే డబ్బులు ఆపండి.