జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్: నా ఓటు 1970 రికార్డుకే

జీసస్ ఆఖరి రోజుల కథను రాక్ పాటల్లో చెప్పే ఈ మ్యూజికల్ (పాటలతో నడిచే నాటకం) స్టేజీ ఎక్కకముందే రికార్డుగా వచ్చింది. 1970లో రెండు ఎల్‌పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) ఆల్బమ్, మరుసటి ఏడాది న్యూయార్క్ బ్రాడ్‌వేలో నాటకం, 1973లో సినిమా. కొత్తగా వినేవాళ్లు చాలామంది సినిమాతో మొదలుపెడతారు. నన్నడిగితే ఆల్బమే ముందు.

కారణం బ్యాండు. ‘హెవెన్ ఆన్ దెయిర్ మైండ్స్’ హెడ్‌ఫోన్స్‌లో వినండి. అలన్ స్పెన్నర్ బేస్ గిటార్ పాట కింద అణిగిమణిగి ఉండదు, ఆ పాట పాడే జూడాస్‌తో (జీసస్‌ను పట్టించిన శిష్యుడు) వాదనకు దిగుతుంది. ‘ఎవ్రీథింగ్స్ ఆల్‌రైట్’లో మేరీ మగ్దలీన్ జీసస్‌ను జోకొడుతుంటే తాళం ఐదు మాత్రల్లో నడుస్తుంది, ఒక తాడు పొట్టిగా కట్టిన ఊయలలా. ఆ పాటలో టెన్షనంతా అక్కడే ఉంది.

జీసస్‌గా డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిలన్. ‘గెత్సెమనే’లో ఆయన కేక విన్నాక సినిమాలో టెడ్ నీలీది కాస్త సాధన చేసినట్టనిపిస్తుంది. జూడాస్ విషయంలో మాత్రం సినిమాదే పైచేయి: ఆల్బమ్‌లో మర్రే హెడ్ బాగా పాడాడు, సినిమాలో కార్ల్ ఆండర్సన్ రగిలిపోయాడు. మేరీగా ఈవాన్ ఎల్లిమన్ రెండింట్లోనూ ఉంది కాబట్టి ఆ పంచాయితీ లేదు.

2018 టీవీ లైవ్‌లో జీసస్‌గా జాన్ లెజెండ్ గొంతు హాయిగా ఉంటుంది. ఆ హాయే ఇక్కడ ఇబ్బంది. పైగా మధ్యమధ్య జనం ఈలలు, కేకలు! హెరోడ్ రాజుగా ఆలిస్ కూపర్ మాత్రం భలే సరదా.

‘కుడ్ వి స్టార్ట్ అగైన్, ప్లీజ్’ స్టేజీ కోసం తర్వాత చేర్చిన పాట, ఆల్బమ్‌లో దొరకదు. దానికోసం సినిమా సౌండ్‌ట్రాక్ కూడా దగ్గరుంచుకోవాల్సిందే.