ఒక్క గుండుకు ఎంత విలువ? టీవీలో చూసే గురిపోటీల్లో ఏ పద్ధతి మేలు

గురిపోటీని తెరమీద రక్తి కట్టించడం సులువు కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ క్వాలిఫికేషన్‌లో ఒక్కొక్కరు గంటా పదిహేను నిమిషాల్లో 60 గుండ్లు కాల్చాలి. కాల్చేవారు విగ్రహంలా నిలబడి ఉంటారు, 4.5 మిల్లీమీటర్ల గుండు ఎవరి కంటికీ ఆనదు, అది తగలవలసిన పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. ఎంత బాగా ఆడితే చూసేవారికి అంత తక్కువ కనిపించే ఆట ఇది. అందుకే ప్రేక్షకుల కోసం దీన్ని కుదించి, మలచి చూపే పద్ధతులు ఎన్నో వచ్చాయి. వాటిలో మూడింటిని ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. మొదటిది 2012 లండన్ ఒలింపిక్స్ వరకు నడిచిన పాత ఫైనల్, రెండోది 2013 నుంచి వచ్చిన, అందరూ సున్నా నుంచి మొదలుపెట్టే ఎలిమినేషన్ ఫైనల్, మూడోది అమెరికాలో హిస్టరీ ఛానెల్ 2010 నుంచి 2013 వరకు అయిదు సీజన్లుగా ప్రసారం చేసిన ‘టాప్ షాట్’ రియాలిటీ పోటీ. మూడింటినీ ఒకే తక్కెడలో తూచాలంటే నాకు తోచిన తూనికరాయి ఒక్కటే: తుది ఫలితాన్ని మార్చే శక్తి ఒక్క గుండుకు ఎంతవరకు ఉండాలి?

పాత ఫైనల్లో క్వాలిఫికేషన్ స్కోరు షూటర్ వెంటే వచ్చేది. పురుషుల ఎయిర్ రైఫిల్లో 600కు వచ్చిన పాయింట్లకు ఫైనల్లో కాల్చిన పది షాట్ల దశాంశ స్కోరును (గుండు నడిమధ్యకు ఎంత దగ్గరగా తగిలితే అంత ఎక్కువ, ఒక్కో షాట్‌కు గరిష్ఠంగా 10.9) కలిపి పతకాలు ఇచ్చేవారు. గంటకు పైగా పడిన శ్రమ ఊరికే పోదు కాబట్టి న్యాయం దృష్ట్యా దీనికి వంక పెట్టడం కష్టం. అయితే ఆ న్యాయం తెరమీద ఎలా కనిపించేదో లండన్ ఫైనల్ స్పష్టంగా చెబుతుంది. రొమేనియాకు చెందిన అలిన్ మోల్దొవెయాను, మన గగన్ నారంగ్ ఇద్దరూ ఆ ఫైనల్లో సరిగ్గా 103.1 చొప్పున కాల్చారు. ఇటలీ షూటర్ నికోలో కాంప్రియాని కాల్చినది 102.5. అయినా స్వర్ణం 702.1తో మోల్దొవెయానుకు, రజతం 701.5తో కాంప్రియానికి దక్కగా, నారంగ్ 701.1తో కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. ఎందుకంటే క్వాలిఫికేషన్‌లో వారిద్దరూ 599 కొట్టగా అతను 598 కొట్టాడు. ఆ ఒక్క పాయింటు లెక్కలోకి రావడంలో అన్యాయమేమీ లేదు, కానీ టీవీ ముందు కూర్చుని ఆ పది షాట్లే చూసినవారికి, తమ కళ్లెదుట వెనకబడినవాడు ముందెలా నిలిచాడో తెలియాలంటే తాము చూడని పూట సంగతి ఎవరో చెప్పాల్సి వచ్చేది.

పైగా, పాత పద్ధతి ఒక్క గుండు వాత నుంచి షూటర్‌ను పూర్తిగా కాపాడిందని కూడా అనలేము. అమెరికన్ షూటర్ మాథ్యూ ఎమన్స్ సంగతే చూడండి. మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే 50 మీటర్ల త్రీ పొజిషన్ పోటీ ఫైనల్లో, 2004 ఏథెన్స్‌లో, మూడు పాయింట్ల ఆధిక్యంతో చివరి షాట్‌కు వచ్చి పక్క షూటర్ టార్గెట్ మీద కాల్చాడు. ఆ షాట్‌కు సున్నా వచ్చి ఎనిమిదో స్థానానికి జారిపోయాడు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో అదే పోటీలో, 3.3 పాయింట్ల ఆధిక్యంతో, మళ్లీ చివరి షాట్ దగ్గరే, రైఫిల్‌ను పైనుంచి టార్గెట్ మీదికి దించుతూ ఉండగానే, తాను అనుకున్న దానికన్నా ముందే ట్రిగ్గర్ పడిపోయింది. వచ్చిన స్కోరు 4.4, దక్కిన స్థానం నాలుగు. రోజంతా కూడబెట్టిన ఆధిక్యం కూడా అక్కరకు రాలేదంటే, ఆ భద్రత మనం అనుకునేంత గట్టిది కాదన్నమాట.

ఇప్పటి ఎలిమినేషన్ ఫైనల్లో క్వాలిఫికేషన్ పని ఎనిమిది మందిని ఎంచడంతోనే ముగుస్తుంది, అక్కడి నుంచి అందరి స్కోరూ సున్నాయే. మొదట అయిదేసి షాట్ల రెండు సిరీస్‌లు కాలుస్తారు. ఆ తర్వాత ఆదేశం వచ్చినప్పుడల్లా ఒక్కో షాట్. పన్నెండో షాట్ ముగిసేసరికి ఎనిమిదో స్థానంలో ఉన్నవారు రైఫిల్ దించి వెనక్కి తప్పుకోవాలి, ఆపైన ప్రతి రెండు షాట్లకూ ఒకరు వెళ్లిపోతారు, 23, 24 షాట్లు చివరికి మిగిలిన ఇద్దరివి. ఈ ఆటలో ఓటమికి కంటికి కనిపించే రూపం దొరికింది ఇక్కడే. 2024 పారిస్ క్రీడల్లో మహిళల ఎయిర్ పిస్టల్ ఫైనల్ 22వ షాట్ తర్వాత తెరమీది పట్టికలో దక్షిణ కొరియా షూటర్ కిమ్ యేజీ పేరు ఎదుట 221.8, మను భాకర్ పేరు ఎదుట 221.7 ఉన్నాయి. మను పిస్టల్ బల్లమీద పెట్టి కాంస్యంతో పక్కకు వచ్చింది, కిమ్ చివరి రెండు షాట్లకు నిలిచింది. ఇరవై రెండు గుండ్లు కాల్చాక తేడా పదో వంతు పాయింటు. క్వాలిఫికేషన్ పట్టిక ఎన్నడూ చూడనివారికి కూడా ఆ పదో వంతు అర్థమవుతుంది, ఆ నిమిషంలో ఇంట్లో కూర్చున్నవారి గుండె కూడా జారుతుంది.

దీని దోషం కూడా చిన్నది కాదు. టోక్యోలో సౌరభ్ చౌదరి ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్‌లో 586తో అందరికన్నా ముందు నిలిచి, ఫైనల్లో ఏడో స్థానంతో వెళ్లిపోయాడు. పద్నాలుగు షాట్లు అరవై షాట్లను తుడిచిపెట్టాయి. పాత పద్ధతిలో అయితే అతని చేతిలో కొంత నిల్వ ఉండేది. నా మటుకు నాకు ఈ పద్ధతి మీద మిగిలిన అసంతృప్తి ఇదొక్కటే, దాన్ని దాచను.

ఇక ‘టాప్ షాట్’ దారి పూర్తిగా వేరు. 2010లో వచ్చిన మొదటి సీజన్‌లో 16 మంది పోటీదారులను రెండు జట్లుగా విడగొట్టారు, చివరికి మిగిలినవారికి లక్ష డాలర్ల బహుమతి. ఒక వారం పాతకాలపు రైఫిల్, ఒక వారం పిస్టల్, మరో వారం విల్లో విసురుకత్తో చేతికిచ్చి, నిపుణుడి దగ్గర కాసేపు సాధన చేయించి, ఆ వెంటనే పోటీకి దింపేవారు. గుండు తగిలి గాజు పగిలే క్షణాన్ని స్లో మోషన్‌లో చూపేవారు. ఏళ్ల తరబడి ఒకే రైఫిల్‌తో, ఒకే దూరంలో, ఒకే నిలుపుతో బతికే ఒలింపిక్ షూటర్‌ను ఎన్నడూ అడగని ప్రశ్న ఇక్కడ అడుగుతారు: అలవాటు లేని ఆయుధాన్ని ఎంత త్వరగా లొంగదీసుకోగలవు? ఇది గురి కళలో నిజమైన భాగమే, కాదనను. నాలుగో సీజన్ గెలిచిన క్రిస్ చెంగ్ ఎవరి దగ్గరా పద్ధతిగా శిక్షణ పొందనివాడు, గూగుల్‌లో ఉద్యోగం చేసుకుంటూ తనంతట తాను నేర్చుకున్నవాడు. ఆటకు తలుపు ఇంత బార్లా తెరిచిన వేదిక మరొకటి లేదు.

అయితే పోటీగా తూచినప్పుడు ఇది తేలిపోతుంది. ఓడిన జట్టులో ఎవరు ఎలిమినేషన్‌కు వెళ్లాలో తేల్చడానికి సభ్యులు తమ సహచరుల పేర్లున్న టార్గెట్ల మీద కాల్చేవారు. అంటే అక్కడ తుపాకీ ఓటు వేసే సాధనం. బాగా కాల్చేవాడిని భయంతోనే ముందుగా పంపించే వీలు అందులో ఉంది. ఆ తర్వాత జరిగే ముఖాముఖిలో కొద్దిపాటి షాట్లతో, కొన్నిసార్లు అంతకుముందు రోజే చేతిలోకి వచ్చిన ఆయుధంతో, వారాల శ్రమకు తీర్పు వచ్చేస్తుంది. అలాంటి కొద్ది షాట్లలో నేర్పు ఎంతో, అదృష్టం ఎంతో విడదీయడం ఎవరి తరమూ కాదు. దీనికి తోడు, అది ముందుగా చిత్రీకరించి కత్తిరించి కూర్చిన కార్యక్రమం. ఏ షాట్‌కు ఎంత ఉత్కంఠ ఉండాలో అక్కడ ఎడిటర్ నిర్ణయిస్తాడు, ఒలింపిక్ ఫైనల్లో గడియారం నిర్ణయిస్తుంది.

ఈ రెంటికీ మధ్యన ఇంకో ప్రయోగం కూడా జరిగింది. స్వర్ణం కోసం ఇద్దరిని ఎదురెదురుగా నిలిపి, మెరుగైన షాట్‌కు రెండు పాయింట్లు, సమానమైతే చెరొకటి ఇస్తూ, ముందుగా 16 చేరినవారిని గెలిపించే పద్ధతిని 2022లో వ్యక్తిగత పోటీల్లోకి తెచ్చి, పారిస్ నాటికి అక్కడ వదిలేశారు. మిక్స్‌డ్ టీమ్‌లో మాత్రం అది నిలిచింది. మను, సరబ్‌జోత్ సింగ్ కాంస్యం గెలిచినది అందులోనే, 16–10 తేడాతో. జంటపోరుకు అది సరిపోతుంది. ఒంటరి షూటర్‌కు మాత్రం అది నష్టమే అంటాను, ఎందుకంటే 0.1 తేడాతో గెలిచినా, రెండు పాయింట్ల తేడాతో గెలిచినా దక్కేది ఒకటే కావడంతో, గుండు ఎంత దగ్గరగా తగిలిందన్న కొలతకే విలువ లేకుండా పోతుంది.

కాబట్టి వినోదం మాత్రమే కావాలనుకునేవారు, తుపాకుల రకాల మీద కుతూహలం ఉన్నవారు ‘టాప్ షాట్’ చూడవచ్చు. ఏ పోటీ గెలిచినవాడిని మేటి గురికాడని నమ్మవచ్చు, అది నమ్మదగినదని చూసేవాడికి కూడా అక్కడికక్కడే ఎలా తెలుస్తుంది అని అడిగితే మాత్రం నా ఓటు 24 షాట్ల ఎలిమినేషన్ ఫైనల్‌కే. ఒక్క చెడు షాట్ గాయపరుస్తుంది, కానీ పదో పన్నెండో మంచి షాట్లు దాన్ని పూడ్చడానికి మిగిలి ఉంటాయి. ఒక్కడే ముందుగా దూసుకుపోయి చివరి షాట్లు చప్పగా మారే ప్రమాదమూ తక్కువే.

అభినవ్ బింద్రా పాత పద్ధతిలోనూ, ఎలిమినేషన్ పద్ధతిలోనూ ఒలింపిక్ ఫైనల్ ఆడాడు. బీజింగ్‌లో 596తో నాలుగోవాడిగా ఫైనల్‌కు వచ్చి, ఆఖరి షాట్‌కు ముందు ఫిన్లాండ్ షూటర్ హెన్రీ హక్కినెన్‌తో సమంగా నిలిచి, 10.8 కాల్చి స్వర్ణం అందుకున్నాడు. హక్కినెన్ కాల్చిన 9.7 అతన్ని కాంస్యానికి దించింది. 2016 రియోలో బింద్రా ఏడోవాడిగా ఫైనల్‌కు వచ్చాడు. క్వాలిఫికేషన్ స్కోరు వెంట తెచ్చుకోవలసి ఉంటే ఏడో స్థానంలోనివాడు పతకం అంచుకు రావడం ఎంతో కష్టమయ్యేది. సున్నా నుంచి మొదలైంది కాబట్టి ఒక్కొక్కరినీ దాటుకుంటూ చివరి నలుగురిలోకి వచ్చి, ఉక్రెయిన్‌కు చెందిన సెర్హీ కులిష్‌తో స్కోరు సమం కావడంతో, తేడా తేల్చే అదనపు షాట్‌కు, అంటే షూటాఫ్‌కు నిలిచాడు. కులిష్ 10.5 కాల్చాడు, బింద్రా 10.0 కాల్చి నాలుగో స్థానంతో రైఫిల్ దించాడు.